పుష్ప 2: పెళ్లి మండపం దాకా తీసుకెళ్లి బాంబు పెట్టారు (చూసినవాళ్లే లోపలికి రండి)

భీమిలి_శ్రీను | 8 డిసెంబర్ 2024, ఉదయం 10:12

ఇంకా చూడనివాళ్లు ఇక్కడితో ఆగిపోండి, నేను కథంతా చెప్పేస్తాను.

నిన్న సెకండ్ షోకి నేనూ మా బావమరిదీ విశాఖ జగదాంబ జంక్షన్ వైపు వెళ్లాం. తొమ్మిదిన్నర ఆట అని టికెట్ మీద ఉంది. ముందు ఆట వదిలితేగా మమ్మల్ని లోపలికి పంపేది! కూర్చునేసరికి పదింపావు, బయటపడేసరికి రెండు. బండి తీసి బీచ్ రోడ్డు మీదుగా ఇంటికి బయల్దేరితే రుషికొండ దాటేదాకా ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. బాగున్న సినిమా చూస్తే మా ఇద్దరి నోరూ ఆగదు, ఎండాడ వచ్చేసరికే గొంతు పోతుంది.

నా బాధ ఏంటో చెప్తాను. 2021 డిసెంబర్ 17న మొదటి భాగం చూసినప్పటి నుంచీ నేను ఎదురుచూసింది ఒకే ఒక్కదానికి. పుష్పకి ఇంటి పేరు దక్కుతుందా, దక్కదా. నిశ్చితార్థం నాడు అందరి ముందూ సవతి అన్న మోహన్ వచ్చి పరువు తీసిపోతే పుష్ప తల్లి నిలబడిన తీరు నాకు మూడేళ్లయినా కళ్ల ముందే ఉంది. రెండో భాగంలో ఆ పేరు దక్కింది. మోహన్ దిగివచ్చాడు, తమ్ముణ్ణి ఇంట్లోకి కలుపుకున్నాడు. తల్లి ఏడ్చింది, నేనూ ఏడ్చాను. జేబులోంచి కర్చీఫ్ తీసేలోపు మోహన్ కూతురి పెళ్లి మండపంలో బాంబు పేలింది. తెర మీద మూడో భాగం పేరు పడింది. లైట్లు వేసేశారు.

నిండు బిందె గుమ్మం దాకా మోసుకొచ్చి గడప మీద పగలగొట్టినట్టు అనిపించింది. 3 గంటల 20 నిమిషాలు కూర్చోబెట్టినవాళ్లు ఆ తల్లి కోసం ఇంకో రెండు నిమిషాలు ఇవ్వలేకపోయారా? మీకేమనిపించిందో రాయండి.

సింహాచలం_అప్పన్న | 8 డిసెంబర్, ఉదయం 10:31

నిజమే బావూ. నేను శుక్రవారం సూసినాను. కాళ్లు తిమ్మిరెక్కిపోనాయి గానీ అది పెద్ద బాధ కాదు. మా అమ్మ పక్కన కూకుంది. బాంబు పేలగానే "అదేట్రా, పెళ్లి అవ్వనేదా?" అనడిగింది. ఏటి సెప్పాలో తెలీలేదు నాకు.

గాజువాక_రమణ | 8 డిసెంబర్, మధ్యాహ్నం 1:05

శ్రీను అన్నా, నేను ఒప్పుకోను.

నాలుగో తారీఖు రాత్రి తొమ్మిదిన్నర ప్రత్యేక ఆటకి 800 పెట్టి, జీఎస్టీ అదనంగా కట్టి వెళ్లాను. ఐదున పొద్దున్న ఆరింటికి స్టీల్ ప్లాంట్‌లో ఏ షిఫ్ట్. నిద్ర లేకుండా డ్యూటీకి వెళ్లాను. మళ్లీ అవకాశం వస్తే మళ్లీ అలాగే వెళ్తాను. ఆ జాతర ఎపిసోడ్ ఒక్కటి చాలు అన్నా. చీర కట్టుకుని, ఒంటికి నీలం రంగు పూసుకుని, కాళ్లకి గజ్జెలతో ఆ మనిషి తిరుగుతుంటే హాల్లో ఈలలు ఆగిపోయాయి. నేను గమనించాను, ఈలలు వేస్తున్నవాళ్లే దణ్ణం పెట్టారు. తెలుగు హీరోకి ఉత్తమ నటుడిగా మొట్టమొదటి జాతీయ అవార్డు ఊరికే రాలేదు.

పొడవుగా ఉందా? ఉంది. పండగ భోజనం పొడవుగానే ఉంటుంది. చివర్లో బాంబు అంటారా, మూడో భాగం ఉన్నప్పుడు ఎక్కడో ఒకచోట ఆపాలి కదా? 2015లో బాహుబలి మొదటి భాగం ఎలా ఆపారు? రెండేళ్లు దేశమంతా ఒకే ప్రశ్న అడిగింది. అప్పుడు ఎవరూ బిందె పగిలిందని అనలేదు.

భీమిలి_శ్రీను | 8 డిసెంబర్, మధ్యాహ్నం 1:40

తమ్ముడూ, నీ కష్టానికి దణ్ణం. జాతర దగ్గర నేనూ లేచి నిలబడ్డాను, అందులో నీకూ నాకూ గొడవ లేదు.

బాహుబలి మాట వేరు. అక్కడ కట్టప్ప ఎవరో, బాహుబలి ఎవరో మనకి తెలుసు. చంపింది ఎవరో కూడా చెప్పేశారు, ఎందుకు అన్నదొక్కటే దాచారు. ఆ ప్రశ్న కథ కడుపులోంచి పుట్టింది. ఇక్కడ బాంబు పెట్టినవాడి ముఖం కూడా చూపించలేదు. వాడి మీద నాకు కోపం రావాలంటే వాడు నాకు తెలిసుండాలి కదా. తెలియనివాడు ఎవడో వచ్చి పెళ్లి చెడగొట్టిపోతే నాకు మిగిలేది చిరాకు.

ఎంవీపీ_లక్ష్మి | 8 డిసెంబర్, సాయంత్రం 4:22

అత్తయ్యగారు, ఇద్దరు పిల్లలు, నేను మ్యాట్నీకి వెళ్లాం. చిన్నవాడికి ఆరేళ్లు. ఇంటర్వెల్‌లో మురీ మిక్చర్ పొట్లం అయిపోయాక వాడు నా ఒళ్లో నిద్రపోయాడు. లేచి "ఇంకా ఉందా అమ్మా" అన్నాడు. ఇంకా గంట ఉంది.

నేను స్కూల్లో తెలుగు చెప్తాను కాబట్టి కథ ఎక్కడ తెగిందా అని ఆలోచిస్తూనే ఇంటికొచ్చాను. నా లెక్కలో అది ఫహాద్ ఫాజిల్ వేసిన పోలీసాఫీసర్ షెకావత్ దగ్గర తెగింది. ఒకరి అహం మీద ఇంకొకరు కాలు పెట్టడం, క్షమాపణ చెప్పించుకోవాలన్న పంతం, చెప్పిన క్షమాపణని వెనక్కి లాక్కోవడం, ఇదంతా నడుస్తున్నంతసేపు నేను గడియారం చూడలేదు. ఫహాద్ ఫాజిల్ ఉన్న ప్రతి సీన్‌లో ఏదో జరగబోతోందన్న బెదురు ఉంటుంది. ఆ మనిషి ముగిసిపోయాక కథ కూడా ముగియాలి. అక్కడి నుంచి ఇంకో విలన్, కొత్త పగ మొదలైతే ఇంకో సినిమాకి టికెట్ తీసుకున్నట్టే అయింది నాకు.

ఇంకో మాట, ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే అంటాను. అన్నదమ్ములు కలవడానికి మోహన్ కూతురు కావేరిని ఎత్తుకుపోవాల్సి వచ్చింది. ఆ పిల్ల భయం తెర మీద ఎంతసేపు చూపించారో, ఆ తర్వాత ఆ పిల్ల మనసులో ఏముందో అంతసేపు చూపించలేదు. నేరుగా పెళ్లిపీటల మీద కూర్చోబెట్టారు. పక్కన నా పదకొండేళ్ల కూతురు కూర్చుని ఉంది. దాని చెయ్యి నా చేతిలో పెట్టుకుని ఆ సీన్ అంతా చూశాను. ఇంటికొచ్చాక అది అడిగిన మొదటి ప్రశ్న, "ఆ అక్క తర్వాత మాట్లాడలేదేంటమ్మా?"

గాజువాక_రమణ | 8 డిసెంబర్, సాయంత్రం 5:10

అక్కా, ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. నేను చూస్తున్నప్పుడు ఆ వైపు నుంచి ఆలోచించలేదు. కాళ్లూ చేతులూ కట్టేసినా నోటితో కొరికి కొట్టే ఫైట్ చూస్తూ ఉండిపోయాను.

చిత్తూరోడు_ఏయూలో | 8 డిసెంబర్, రాత్రి 8:48

అందరికీ నమస్కారం. మాది తిరుపతి దగ్గర పల్లె, ఇప్పుడు ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకుంటా ఉండా.

జాతర గురించి రమణన్న చెప్పినాడు గదా, దాని వెనకాల ఏముండాదో ఇక్కడోళ్లకి చెప్పాలనిపించింది. మా తిరుపతి గంగమ్మ జాతరలో మగోళ్లు ఆడవేషం కట్టేది మొక్కు. నవ్వులాటకి కట్టేది గాదు. వారం దినాలు రోజుకొక వేషం ఉంటాది, బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అని. పాలెగాడు ఆడబిడ్డల్ని చెరబడతా ఉంటే గంగమ్మ వేషాలు మార్చుకుని వాణ్ణి వెతికి చంపిందని మా అవ్వ చెప్పేది. మా నాయన కూడా ఒకసారి చీర కట్టినాడు, నాకు జొరం వచ్చి తగ్గలేదని మొక్కుకుని. మీసం ఉన్న మనిషి పసుపు పూసుకుని, కొప్పు పెట్టుకుని, నన్ను ఎత్తుకుని నడిచినాడు. ఈడ మీకు విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను ఎట్లనో మాకు అది అట్ల.

నాకు సినిమా నిడివి కంటే బాధ ఇంకోటి. ఆడబిడ్డల్ని చెరబట్టేవాణ్ణి చంపే అమ్మవారి కథ జాతరలోనే ఉండాది. కావేరి కథ గూడా అదే. జాతరలో కట్టిన ఆ వేషానికీ చివరి కొట్లాటకీ గట్టిగా ముడి వేసుంటే లక్ష్మక్క చెప్పిన "ఇంకో సినిమా" అనే మాట వచ్చేది గాదు. దగ్గరి దాకా వచ్చినారు, మళ్లీ పక్కకి పోయినారు.

సింహాచలం_అప్పన్న | 8 డిసెంబర్, రాత్రి 9:02

మీ నాయన మాట సదివి కళ్లంట నీళ్లొచ్చినాయి తమ్ముడూ.

పాత_ఆపరేటర్ | 9 డిసెంబర్, ఉదయం 6:15

బాబులూ, అమ్మలూ, నేను ఈ ఊళ్లో 1979లో హెల్పరుగా చేరి, డిజిటల్ వచ్చేదాకా ఆపరేటరుగా చేశాను. పొడవు గురించి మాట్లాడుతున్నారు కాబట్టి నాలుగు ముక్కలు రాస్తాను. మనవడు టైపు చేస్తున్నాడు.

మా రోజుల్లో సినిమాని గంటల్లో చెప్పేవాళ్లం కాదు, రీళ్లలో చెప్పేవాళ్లం. ఫిలిం నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు. మీరు చూసిన సినిమా 200 నిమిషాలంటే 18,000 అడుగులు, పద్దెనిమిది రీళ్లు. రెండేసి రీళ్లు కలిపి చుట్టుకుని, రెండు ప్రొజెక్టర్లు పక్కపక్కన పెట్టుకుని, ఒకదాని మీద అయిపోతుండగా రెండోది అందుకోవాలి. తెర మీద కుడివైపు పైమూలన ఒక చుక్క పడేది, మీలో పెద్దవాళ్లు చూసే ఉంటారు. మొదటి చుక్కకి మోటారు వెయ్యాలి, రెండో చుక్కకి మార్చాలి. కార్బన్ కడ్డీలు కరిగిపోతుంటే దగ్గరికి జరుపుతూ ఉండాలి. ఆ గదిలో వేడికి బనియను పిండితే నీళ్లు కారేవి.

దానవీరశూరకర్ణ 1977లో వచ్చింది. దాదాపు నాలుగు గంటలు. నేను చేరాక మళ్లీ మళ్లీ వేశాం. జనం కదిలేవారు కాదు. లవకుశ 1963 నాటిది, అది కూడా మూడున్నర గంటలకి దగ్గర. అది వేసిన ప్రతిసారీ పల్లెల నుంచి బళ్లు కట్టుకుని వచ్చేవారు. నేను గదిలోంచి చిన్న కిటికీలో చూసేవాణ్ణి. సినిమా ఎలా ఉందో తెలియాలంటే తెర చూడక్కర్లేదు, తలకాయలు చూడాలి. కథ పట్టినప్పుడు తలకాయలు ముందుకు వంగుతాయి. జారిపోయినప్పుడు పక్కకి తిరుగుతాయి, బీడీ వెలుగులు కనిపిస్తాయి.

ఒక సంగతి ఒప్పుకోవాలి. పొడుగు సినిమాకి సెకండ్ షో ఒంటిగంట దాటితే యజమాని పైకొచ్చి "రెండో పాట ఎత్తెయ్యి" అనేవాడు. పాట ముందు, పాట తర్వాత కత్తిరించి, ఫిలిం అతికించే సిమెంటుతో అతికించి వేసేవాళ్లం. తెల్లారి మళ్లీ కలిపేవాళ్లం. పాటలు తీశాను, కామెడీ తీశాను, కొట్లాటల్లో ముక్కలు తీశాను. చివరి రీలు మీద మాత్రం నా ముప్పై ఏళ్లలో కత్తెర పెట్టలేదు. యజమాని చెప్పినా పెట్టలేదు. జనం డబ్బిచ్చింది దానికే.

మొన్న మా అల్లుడు తీసుకెళ్తే ఈ సినిమా చూశాను. అలవాటు పోలేదు, వెనక వరుసలో కూర్చుని తలకాయలు చూశాను. జాతరప్పుడు ఒక్క తల కదల్లేదు. షెకావత్ పోయాక సెల్‌ఫోన్ల వెలుగులు మొదలయ్యాయి. పెళ్లి దగ్గర మళ్లీ ఆరిపోయాయి. శ్రీను బాబు చెప్పింది నిజం. అక్కడ హాలంతా దొరికింది, దాన్ని వదిలేశారు.

కంచరపాలెం_కుర్రాడు | 9 డిసెంబర్, ఉదయం 9:30

తాతగారూ, పాదాభివందనం. చుక్క గురించి మా నాన్న చెప్తే నమ్మలేదు నేను.

నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. సినిమా ఎడిటింగ్ అంత పెద్ద పని కాదు, కానీ చివర ఏం పెట్టాలన్నది మాకూ రోజూ వచ్చే తలనొప్పే. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. అప్పగింతల తర్వాత ఇంకేమీ పెట్టకూడదు. ఒకసారి ఒకాయన రిసెప్షన్ డ్యాన్సులు చివర్లో పెట్టమని పట్టుబట్టాడు. పెట్టి ఇచ్చాను. పది రోజుల తర్వాత పెళ్లికూతురి తల్లి ఫోన్ చేసింది. "బాబూ, నా కూతురు నా భుజం మీద తల పెట్టి ఏడ్చిందే, అక్కడితో అయిపోయేలా ఇంకో కాపీ చేసిస్తావా" అంది. డబ్బు తీసుకోకుండా చేసిచ్చాను. ఆ రోజు నుంచి ఎవరు అడిగినా డ్యాన్సులు ముందే పెట్టేస్తాను.

ఈ సినిమాలో నేనైతే సినిమా మొదట్లో వచ్చే జపాన్ ఓడరేవు ఫైట్ తగ్గిస్తాను. తీసిన తీరు అద్భుతం, కాదనను. కానీ అక్కడ ఓడ కంటైనర్‌లోంచి బయటికొచ్చిన మనిషి కోసం మనం తర్వాత మూడు గంటలు ఎదురుచూస్తూ కూర్చున్నాం. ముఖ్యమంత్రితో ఫోటో దగ్గర కథ అసలు మొదలవుతుంది. భార్య అడిగిన ఒక్క ఫోటో, ఆయన కాదన్నాడని ఆయన్నే మార్చేస్తానని బయల్దేరడం, ఎంత చక్కటి మొదలు అది! అక్కడి నుంచి ఇంటి పేరు దాకా ఒకే దారం. ఫోటోలో పక్కన నిలబడనివ్వలేదు, ఇంటి పేరు పెట్టుకోనివ్వలేదు. రెండూ ఒకటే అవమానం. ఆ దారం చేతిలో పెట్టుకుని కూడా మూడో భాగం కోసం తెంపేశారన్నదే నా బాధ.

మా పేట పేరుతో 2018లో ఒక సినిమా వచ్చింది కదా, కేరాఫ్ కంచరపాలెం. అందులో మా వీధుల్లో మనుషులే నటించారు. నాలుగు ప్రేమకథలు వేర్వేరుగా నడిచి, చివర్లో ఆ నాలుగూ ఒక్క మనిషివేనని తెలిసినప్పుడు హాలంతా "అబ్బా" అంది. అప్పటిదాకా నెమ్మదిగా ఉందనుకున్న ప్రతి సీన్‌కీ ఆ ఒక్క క్షణంలో లెక్క సరిపోయింది. చివర అంటే వెనకటి నిడివికంతా బాకీ తీర్చేది.

మోడరేటర్ | 9 డిసెంబర్, ఉదయం 11:00

వేరే హీరోల పేర్లతో తిట్లు రాసిన మూడు పోస్టులు తీసేశాను. ఇక్కడ చర్చ బాగా నడుస్తోంది, దయచేసి పాడుచేయొద్దు.

పెందుర్తి_సుజాత | 9 డిసెంబర్, మధ్యాహ్నం 3:18

మీలో చాలామందికంటే పెద్దదాన్ని. 1978లో మరో చరిత్ర చూసినప్పుడు నేను తొమ్మిదో తరగతి. మన ఊళ్లో, భీమిలిలో తీసిన సినిమా కాబట్టి వీధి వీధంతా కలిసి వెళ్లాం. చివర్లో ఇద్దరూ చనిపోతారు. రెండు వారాలు మా ఇంట్లో ఆడవాళ్లెవరూ సరిగ్గా అన్నం తినలేదంటే నమ్మండి. మా పిన్ని దర్శకుడు బాలచందర్‌గారిని నోటికొచ్చినట్టు తిట్టింది. తిట్టి మళ్లీ వెళ్లింది, ఇంకోసారి తిట్టింది.

దుఃఖంగా ముగిస్తే నాకేమీ అభ్యంతరం లేదు. బాంబు పేలి అందరూ పోయారని చెప్పినా కూర్చుని ఏడ్చేదాన్ని. ఎవరు బతికారో, ఎవరు పోయారో చెప్పకుండా ఇంటికి పొమ్మంటే ఏడవాలా, వద్దా? లోపల పట్టుకున్న ఏడుపు అలాగే పట్టుకుని ఆటో ఎక్కాను. ఇంటికెళ్లాక కూడా అది దిగలేదు.

గాజువాక_రమణ | 9 డిసెంబర్, రాత్రి 10:40

బీ షిఫ్ట్ దిగి ఇప్పుడే చదివాను అందరివీ.

నేను మనసు మార్చుకున్నానని అనుకోవద్దు. నాకు ఈ సినిమా ప్రాణం. కానీ సుజాతమ్మగారి మాట చదివాక ఒకటి గుర్తొచ్చింది. ప్రత్యేక ఆట అయ్యాక బయట మా కుర్రాళ్లంతా అరుస్తూ గెంతుతున్నారు. నేనూ గెంతాను. డ్యూటీలో కొలిమి ముందు నిలబడి సినిమా అంతా మళ్లీ తలచుకుంటుంటే జాతర వచ్చింది, క్షమాపణ సీన్ వచ్చింది, తల్లి ముఖం వచ్చింది. బాంబు మాత్రం రాలేదు. నా బుర్రే దాన్ని తీసేసింది.

భీమిలి_శ్రీను | 9 డిసెంబర్, రాత్రి 10:55

తమ్ముడూ, ఈ రెండు రోజుల్లో ఇంత బాగా ఎవరూ చెప్పలేదు.

గాజువాక_రమణ | 17 జనవరి 2025, ఉదయం 8:20

ఇంకో 20 నిమిషాలు కలిపి ఈ రోజు మళ్లీ వదిలారు. నేను వెళ్తున్నా. శ్రీను అన్నా, వస్తావా? టికెట్ నాది.

ఎంవీపీ_లక్ష్మి | 17 జనవరి, ఉదయం 9:05

వెళ్లి రా తమ్ముడూ. 2024 జూలైలో భారతీయుడు 2 విడుదలయ్యాక పొడవైందని 12 నిమిషాలు తగ్గించారు. ఇక్కడ ఆదరణ ఉంది కాబట్టి పెంచారు. కలిపిన దాంట్లో కావేరి ఒక్క మాటైనా మాట్లాడితే నాకు వచ్చి చెప్పు. పిల్లల్ని కూడా తీసుకెళ్తాను.

భీమిలి_శ్రీను | 17 జనవరి, మధ్యాహ్నం 12:30

వద్దు తమ్ముడూ, సంక్రాంతికి అత్తారింటికి వెళ్లి ఇంకా తిరిగి రాలేదు. నువ్వు చూసి రా.

భీమిలి_శ్రీను | 2 ఫిబ్రవరి 2025, రాత్రి 9:47

జనవరి 30న ఓటీటీలో వచ్చింది కదా. అమ్మకి మోకాళ్ల నొప్పులు, హాలుకి రాలేదు. ఈ రోజు ఆదివారం ఇంట్లో పెట్టాను. మధ్యలో రెండుసార్లు ఆపి కాఫీ ఇచ్చాను, మందు వేశాను, పక్కింటి వాళ్లొస్తే మళ్లీ వెనక్కి తిప్పి చూపించాను. ఇంట్లో ఉంటే నిడివి ఎవరికీ పట్టదు.

పెళ్లి సీన్ వచ్చింది. అన్నదమ్ములు కలిశారు. అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. మా నాన్న పోయాక మా పెద్దనాన్న వాళ్లు మమ్మల్ని ఏ శుభకార్యానికీ పిలవలేదు, మా చెల్లి పెళ్లికి కూడా రాలేదు. ఆ సంగతి ఇద్దరం ఎప్పుడూ మాట్లాడుకోం. అమ్మ అలా కొంగు మొహానికి పెట్టుకుని ఉండగా నేను రిమోట్ నొక్కి టీవీ ఆపేశాను.

"అయిపోయిందా?" అంది.

"అయిపోయిందమ్మా" అన్నాను.

"బాగా తీశారురా. పిల్ల పెళ్లి ఘనంగా చేశారు" అని లేచి, దేవుడి గదిలో దీపం చూసుకోవడానికి వెళ్లింది.

పాత_ఆపరేటర్ | 3 ఫిబ్రవరి, ఉదయం 6:02

మంచి పని చేశావు బాబూ. ఆ కత్తెర నేనైనా అక్కడే పెట్టేవాణ్ణి.